సైబీరియా నుంచి వచ్చిందెవరు? నౌపడ ఉప్పు మడుల వలస డైరీ

ఎందుకు మొదలెట్టాను

శ్రీకాకుళం జిల్లా టెక్కలి దగ్గర తేలినీలాపురంలో పక్షులు దిగగానే ఏటా ఒకే వార్త చదువుతాం. "సైబీరియా అతిథులు వచ్చేశాయి." పక్కన ఫొటోలో చింతచెట్టు మీద గూడబాతులు (పెలికాన్లు), లేదంటే వెనకవైపు గులాబీ ఈకల పెయింటెడ్ స్టార్కులు. ఇచ్ఛాపురం వైపు తేలుకుంచిలో వానల మొదట్లో దిగే నత్తగుల్ల కొంగలకూ అదే బిరుదు. బళ్లో పిల్లల వ్యాసాల్లోనూ, బస్సులో పక్కసీటు పెద్దమనిషి నోటా సైబీరియా తప్ప ఇంకో ఊరు వినపడదు.

ఈ మూడింటిలో ఒక్కటి కూడా సైబీరియా మొహం చూసింది కాదు. గూడబాతు దక్షిణాసియా, ఆగ్నేయాసియా దాటి పోదు. మిగతా రెండూ అంతే. నీళ్లూ చేపలూ నత్తలూ ఎక్కడుంటే అక్కడికి ఈ నేల మీదే తిరుగుతాయి. పైగా ఇవి ఇక్కడ చెట్టెక్కి గూడు కట్టి, గుడ్లు పెట్టి, పిల్లలు రెక్కలు విదిల్చేదాకా పెంచుతాయి. పురుడు పోసుకునే చోటు పుట్టిల్లవుతుంది గానీ పరాయి దేశమెలా అవుతుంది? నిజంగా ఉత్తరం నుంచి దిగే పక్షి ఇక్కడ గుడ్డు పెట్టదు. గుడ్లూ పిల్లలూ అక్కడి కొద్దిపాటి ఎండాకాలంలోనే ముగించుకుని, మన దగ్గరికి తిండి కోసం వస్తుంది. ఇక పేరులోనే సైబీరియా ఉన్న పెద్ద పక్షి సైబీరియన్ క్రేన్. అది మన దేశంలో చివరిసారి కనిపించింది 2002లో, రాజస్థాన్‌లోని భరత్‌పూర్‌లో. ఆ తర్వాత రాలేదు.

మరి మన తీరానికి సైబీరియా నుంచి ఎవరూ రారా అంటే, వస్తారు. ఫొటోకి ఆనని సైజులో వస్తారు. అందుకే ఈ పని పెట్టుకున్నాను. ఆగస్టు నుంచి నవంబరు దాకా నౌపడ ఉప్పు మడుల్లో, వాటినానుకున్న వరి చేలల్లో దిగే ప్రతి వలస పక్షికీ పట్టికలో ఒక వరస. దాని ఎదురుగా "పుట్టిన చోటు" అని ఒక గడి. ఆ గడిలో ఏ అనుమానమూ లేకుండా "సైబీరియా" అని రాయగలిగేది ఎవరికో తేల్చాలి.

పద్ధతి

దారి ఒక్కటే, మార్చేది లేదు. రోడ్డు దిగి ఉప్పు మడుల గట్టు మీదుగా ఉప్పుటేరు దాకా వెళ్లడం, వరి చేల పక్కనుంచి వెనక్కి రావడం. పొద్దున్న ఎండ వీపు మీద పడేలా తూర్పు గట్టు నుంచి పడమటికి చూడాలి. ఎదురెండలో చూస్తే నీళ్ల మీద ప్రతి పక్షీ నల్ల బొమ్మే.

చేతిలో 8x42 బైనాక్యులర్ ఉంది. ఎనిమిది రెట్లు దగ్గరగా చూపిస్తుంది, ముందు అద్దం వెడల్పు 42 మిల్లీమీటర్లు. పది రెట్లది కొనమని చాలామంది చెప్తారు. గట్టు మీద గాలికి చెయ్యి వణికితే ఆ పది రెట్లలో వణుకూ పది రెట్లవుతుందని నేను ఎనిమిది దగ్గరే ఆగాను. దూరపు మడుల కోసం తెలిసినవాళ్ల దగ్గర ఒక స్పాటింగ్ స్కోపు అడిగి తెచ్చుకున్నాను. దాన్ని స్టాండు మీద నిలబెట్టాలి, గట్టేమో జారుతుంది. ఎక్కువసార్లు అది సంచిలోనే ఉంటోంది.

లెక్కలు నోటుబుక్కులో రాసి, ఇంటికొచ్చాక ఈబర్డ్ అనే పక్షుల లెక్కల వెబ్‌సైట్‌లో ఎక్కిస్తున్నాను. అందులో చివర ఒక ప్రశ్న ఉంటుంది, మీరు గుర్తుపట్టిన పక్షులన్నీ రాశారా అని. దానికి అవునని చెప్పగలిగేలా కాకుల దగ్గర్నుంచి అన్నీ రాయాలి. రానివాటి సంగతి తెలిసేది అలాగే. పూర్తి జాబితాలో ఒక పిట్ట పేరు లేదంటే ఆ పొద్దు అది కనపడలేదని అర్థం. నచ్చినవి మాత్రమే రాసిన జాబితాలో లేదంటే ఏ అర్థమూ లేదు.

మొదటిసారి కనిపించిన తేదీకి మనవాళ్లు చాలా విలువిస్తారు. నాకు దాని మీద అంత నమ్మకం లేదు. ఎక్కువసార్లు తిరిగినవాడికి తేదీ ముందే దొరుకుతుంది. అందులో పక్షి గొప్పేమీ లేదు, చెప్పులరిగిన గొప్పే. పైగా చాలా ఉల్లంకి జాతుల్లో (బురదలో, పలచటి నీళ్లలో మేసే చిన్న పక్షులివి) ఏడాది నిండని పిల్లలు తర్వాతి వేసవిలో ఉత్తరానికి పోకుండా ఇక్కడే ఉండిపోతాయి. జూన్‌లో ఒకటి కనపడగానే "ఈసారి తొందరగా వచ్చేశాయి" అని రాసేస్తే, వెళ్లనే వెళ్లని పక్షికి స్వాగతం పలికినట్టే. కాబట్టి నా పట్టికలో మొదటి తేదీ పక్కన, దానికి ముందు వెళ్లినప్పుడు కనపడలేదన్న గుర్తు కూడా ఉంటేనే లెక్క.

ఆగస్టు, మొదటి వారం

ఉభాలు (వరి నాట్లు) జోరుగా సాగుతున్నాయి. దమ్ము చేసిన మడిలో ట్రాక్టరు వెనకాల తెల్లకొంగలు, పసులపోలిగాళ్లు. వాటి మధ్య కాళ్లు పసుపుపచ్చగా, వీపు నిండా తెల్ల చుక్కలతో వుడ్ శాండ్‌పైపర్లు. ఏడు లెక్కపెట్టాను. ఎనిమిదోది ఉందేమో, ఆకుమడి గట్టు చాటున.

చలికాలపు అతిథులని మనం పిలిచేవాళ్లలో ముందుగా దిగే జట్టు ఇది. ఇంకా వానాకాలం నడుమే ఉన్నాం, మొక్క నాటడం కూడా అయిపోలేదు. మన క్యాలెండరు ఏదైనా, ఆర్కిటిక్ చుట్టుపక్కల ఆగస్టు అంటే తిరుగు ప్రయాణపు నెలే.

ఉల్లంకులకు కావలసింది బోసి బురద, పైన రెండు మూడు వేళ్ల లోతు నీళ్లు. శరదృతువులో మన చెరువులన్నీ నిండుగా ఉంటాయి కాబట్టి చెరువు చుట్టూ ఎంత తిరిగినా ఇవి దొరకవు. ఆ బురద ఈ నెలల్లో దమ్ము మడిలోనే ఉంటుంది. నాటు వేసిన ఇరవై రోజులకి వరి దుబ్బు కట్టి నేల కప్పేస్తుంది, వీటికి ఆ మడి మూతపడినట్టే. ఆలస్యంగా దమ్ము చేసిన పక్క మడికి మారిపోతాయి. అంటే పక్షుల్ని వెతకాలంటే ఎవరి చేలో ఎప్పుడు నీళ్లు పెడుతున్నారో తెలియాలి. టీ కొట్టు దగ్గర పావుగంట కూర్చుంటే ఆ కబురు దొరుకుతుంది. ఏ యాప్‌లోనూ దొరకదు.

పుట్టిన చోటు గడిలో ఏం రాయాలి? వుడ్ శాండ్‌పైపర్ స్కాండినేవియా నుంచి సైబీరియా తూర్పు కొస దాకా గూళ్లు పెడుతుంది. ఈ ఏడూ ఫిన్లాండు అడవి బురదలోంచి వచ్చినవి కావని నేను చెప్పలేను. పెన్సిలుతో "కావచ్చు" అని రాశాను.

గట్టు మీద ఒంటరిగా కామన్ శాండ్‌పైపర్, నిలబడ్డా నడిచినా వెనకభాగం ఊపుతూనే ఉంది. ఇది మన హిమాలయాల్లో కూడా గుడ్లు పెడుతుంది. దీనికీ "కావచ్చు"నే.

ఆగస్టు చివర, అమావాస్య పోటు

మడుల్లో పక్షుల్ని చూడాలంటే పోటు వేళకి వెళ్లాలి. ఆటు సమయంలో ఉప్పుటేరు పొడుగునా బురద బయటపడుతుంది, పక్షులన్నీ ఎక్కడెక్కడో చెదిరి మేస్తుంటాయి. పోటుకి ఆ బురద మునిగిపోగానే గుంపులుగా లేచి ఉప్పు మడుల్లోకొచ్చి వాలతాయి. అమావాస్యకీ పౌర్ణమికీ పోటు పెద్దది కాబట్టి ఆ రెండు రోజుల చుట్టూ గుంపు మరీ దగ్గరగా కూడుతుంది. ఇప్పుడు ఉప్పు పని లేదు. మడుల్లో వాన నీళ్లే, ఒక్కో మడిలో ఒక్కో లోతు. లోతును బట్టి కాళ్ల పొడవు ప్రకారం పక్షులు సర్దుకుంటాయి. లోతు మడిలో గాడ్విట్లు, రెడ్‌షాంకులు. పలచటి నీళ్లలో స్టింట్లు. ఆరిన నేల మీద ప్లోవర్లు.

ఇవాళ ఆరిన మడిలో నూటికి పైగా చిన్న ప్లోవర్లున్నాయి. మొన్నమొన్నటి దాకా లెస్సర్ శాండ్ ప్లోవర్ అని ఒకే పేరుండేది. ఈ మధ్య పక్షి శాస్త్రజ్ఞులు రెండుగా విడదీశారు. ఒకటి సైబీరియన్ శాండ్ ప్లోవర్, ఇంకోటి టిబెటన్ శాండ్ ప్లోవర్. నా పట్టిక కోసమే చేశారా అన్నట్టుంది! కానీ మన దేశపు తీరాల్లో దిగేవి ఎక్కువగా టిబెటన్‌వే. టిబెట్ పీఠభూమి, పామీరు చుట్టుపక్కల ఎత్తు నేలలు వీటి సొంత ఊళ్లు. లడాఖ్‌లోనూ గుడ్లు పెడతాయి. ఎదురు గడిలో "టిబెట్ వైపు, సైబీరియా కాదు" అని పడింది.

పలచటి నీళ్లలో స్టింట్ల మధ్య కాస్త పెద్దవి నాలుగు. ముక్కు పొడవుగా, కొస దగ్గర కిందికి వంగి ఉంది. పొట్ట లోతు దాకా దిగి, తల వంచి, బురదలో ముక్కు దించి తీయడమే పని. వాటిలో ఒకటి పక్కకి తిరిగింది. పొట్ట మీద ఇటుక రంగు మచ్చలు. పెళ్లినాటి చీర రంగు వెలిసి అక్కడక్కడా మిగిలినట్టు అనబోయాను గానీ, ఇది మగది కావడానికే అవకాశం ఎక్కువ. కర్ల్యూ శాండ్‌పైపర్. వేసవి ఈకలు రాల్చుకుంటూ, బూడిద రంగు చలికాలపు ఈకలు తొడుక్కుంటోంది. ఎగిరినప్పుడు చూస్తే తోక మొదట్లో తెల్లటి పట్టీ. స్టింట్‌కి అక్కడ నడుమన నల్లటి గీత ఉంటుంది, దీనికి ఉండదు.

గట్టు మీద తాత ఒకాయన గేదెల్ని తోలుకెళ్తూ ఆగాడు. ఉప్పు సీజన్‌లో ఈ మడుల్లోనే పనిచేస్తాడట. ప్యాంటూ నోటుబుక్కూ ఉన్న ప్రతివాడూ ఇక్కడ మాస్టారే.

"ఏటి మాస్టారూ, ఉత్త మడిలోకి సూస్తన్నారు? గూడబాతులింకా రాలేదు గదా."

"గూడబాతుల కోసం కాదు తాతా, ఈ చిన్నవాటి కోసం."

"అయ్యి ఉల్లంకులు. అయ్యెప్పుడూ ఉంటాయి."

బైనాక్యులర్ ఇచ్చాను. కళ్లకి ఆనించుకుని చాలాసేపు తిప్పాడు, దొరికింది. "పొట్ట ఎర్రగుందేటి దీనికి?"

"అదే తాతా, సైబీరియా నుంచొచ్చింది."

"ఇదా! గుప్పెడు లేదు. మరైతే గూడబాతులో?"

"అవి మనవే."

ఆయన ఏమాత్రం ఆశ్చర్యపడలేదు. "మా పెద్దోళ్లెవరూ సైబీరియా అన్లేదు బాబూ. కాలమొస్తే దిగతాయి, ఊరికి మంచిదనీవోరు. పేపరోళ్లొచ్చినాకే ఈ మాట" అని గేదెల వెనక పడ్డాడు.

సెప్టెంబరు నడుమ: పిల్లలొచ్చాయి

ఈ డైరీలో నాకు అన్నిటికన్నా ఇష్టమైన వారం ఇదే. ఉల్లంకులు కుటుంబంగా ప్రయాణం చెయ్యవు. కర్ల్యూ శాండ్‌పైపర్లలో మగవి గుడ్లు పొదగవు. జత కట్టాక జూలై మొదటికల్లా వాటి దారి అవి చూసుకుంటాయి. గుడ్లు పొదిగి పిల్లల్ని కాచిన ఆడవి తర్వాత బయల్దేరతాయి. అందరికన్నా చివర, అమ్మానాన్నలు వెళ్లిపోయిన వారాల తర్వాత, ఆ ఏడాది పుట్టిన పిల్లలు తమంతట తాము లేస్తాయి. దారి చూపేవాళ్లు ఎవరూ ఉండరు. ఎటు తిరగాలో పుట్టుకతోనే తెలుసు.

వచ్చిన పిల్లని పట్టుకోవడం ఎలాగంటే, ఈకల అంచులు చూడాలి. పెద్దవాటి ఈకలు వేల కిలోమీటర్లు ఎగిరి అరిగి, సగం రాలి, సగం మొలిచి అతుకుల బొంతలా ఉంటాయి. పిల్లవన్నీ ఒకేసారి మొలిచిన కొత్త ఈకలు, ఒక్కోదానికి లేత రంగు అంచు గీత గీసినట్టు ఉంటుంది. వీపంతా వరసలు వరసలుగా పొలుసులు కనిపిస్తాయి. రొమ్ము మీద లేత నారింజ ఛాయ. పక్కనే ఉన్న లిటిల్ స్టింట్ పిల్లలకైతే వీపు మీద రెండు తెల్లగీతలు కలిసి కోణంలా దిగుతాయి. ఆరేడు మీటర్ల దూరంలో గట్టు మీద కదలకుండా కూర్చుంటే అవే దగ్గరికొస్తాయి. ఒక పిల్ల నా చెప్పుకి నాలుగు మూరల దూరంలో మేసింది. మనిషంటే ఏమిటో ఇంకా తెలియదు దానికి.

ఈ పిల్లల్ని విడిగా లెక్కపెట్టడానికి ఒక కారణముంది. ఉత్తర సైబీరియాలోని టైమిర్ ద్వీపకల్పం దగ్గరి టండ్రాలో లెమ్మింగులని ఎలకల్లాంటి జంతువులుంటాయి. మూడు నాలుగేళ్లకొకసారి అవి విపరీతంగా పెరిగి, ఆ తర్వాత ఒక్కసారిగా పడిపోతాయి. అవి దండిగా ఉన్న ఏడు ఆర్కిటిక్ నక్కలు, స్కువా పక్షులు వాటితో కడుపు నింపుకుని ఉల్లంకుల గూళ్ల జోలికి పెద్దగా రావు. లెమ్మింగులు పడిపోయిన ఏడు ఆ నక్కలే గుడ్లూ పిల్లలూ ఊడ్చేస్తాయి. ఆ శరదృతువులో దక్షిణానికి దిగే గుంపుల్లో పిల్లలు దాదాపు ఉండవు. అంటే నౌపడ మడిలో పెద్దలెన్ని, పిల్లలెన్ని అని గీతలు పెట్టుకుంటే అక్కడెక్కడో ఎలకల సంగతి మనకి చూచాయగా తెలుస్తుంది. ఒక్క ఏడాది లెక్కతో ఏమీ తేలదు, ఏడాదికి ఏడాది పోల్చాలి. అందుకే ఈ గడి పట్టికలో శాశ్వతంగా ఉంచుతున్నాను.

ఇవాళ్టి లెక్క: కర్ల్యూ శాండ్‌పైపర్లు ఇరవై మూడు, అందులో నాకు స్పష్టంగా పిల్లలనిపించినవి తొమ్మిది. దూరాన ఉన్నవి కొన్ని ఎటూ తేలలేదు, వాటిని మూడో వరసలో వేశాను.

ఇక గడి సంగతి. కర్ల్యూ శాండ్‌పైపర్ గుడ్లు పెట్టేది ఆర్కిటిక్ సైబీరియాలో. అలాస్కా ఉత్తరపు కొసన ఎప్పుడైనా ఒకటీ అరా గూడు కనపడటం తప్ప ప్రపంచంలో ఇంకెక్కడా లేదు. టైమిర్ నుంచి నౌపడకి తాడు లాగినట్టు కొలిచినా ఆరు వేల కిలోమీటర్ల పైమాటే. బరువు అరవై గ్రాములు అటూ ఇటూ. పెన్సిలు పక్కన పెట్టి పెన్నుతో రాశాను: సైబీరియా, ఖాయం.

సెప్టెంబరు చివర

కరెంటు తీగల మీద వానకోయిలలు బారులు తీరాయి. ఎల్లో వాగ్‌టెయిల్స్ గేదెల కాళ్ల సందున. ముళ్లకంప మీద బ్రౌన్ ష్రైక్, కళ్లకి నల్ల గంత కట్టుకుని కిర్రుమని అరుస్తోంది. ఇది వచ్చిందంటే ఆ కంపకి ఆర్నెల్ల పాటు ఇదే యజమాని, ఇంకో ష్రైక్‌ని రానివ్వదు. సైబీరియా, మంగోలియా, ఉత్తర చైనా, ఎక్కడిదైనా కావచ్చు. పెన్సిలు.

జీలుగు దుబ్బులో దాక్కుని "చెక్, చెక్" అంటున్నది బ్లిత్స్ రీడ్ వార్బ్లర్. చూద్దామని నిలబడి కాళ్లకి జలగలు పట్టించుకున్నాను. కనపడలేదు, గొంతు మీదే రాసుకున్నాను.

అక్టోబరు రెండో శనివారం

ప్రపంచమంతా ఒకే రోజు పక్షులు లెక్కపెట్టే అక్టోబర్ బిగ్ డే ఇది. ప్రపంచ వలస పక్షుల దినం కూడా ఇవాళే. ఎక్కువ జాతులు కూడబెట్టాలని ఊళ్లు తిరిగేవాళ్లుంటారు. నేను నా దారి వదల్లేదు. రోజూ నడిచే దారిలో వచ్చిన తక్కువ సంఖ్య నాకు ఎక్కువ పనికొస్తుంది.

గాడ్విట్ల గుంపు పెద్దది. పెద్ద గుంపు లెక్కకి ఒక కిటుకుంది. ముందు పదింటిని ఒక్కొక్కటిగా లెక్కపెట్టి, ఆ పది ఎంత జాగా ఆక్రమించాయో కంటితో పట్టుకోవాలి. ఆ జాగాని గుంపు మీద ఎన్నిసార్లు పరచగలమో చూసుకుంటూ పోవాలి. ఎడమ నుంచి కుడికి ఒకసారి, కుడి నుంచి ఎడమకి ఒకసారి. రెండూ దగ్గరగా వస్తే సరే. నాకు 180, 200 వచ్చాయి. 190 అని వేశాను.

వేసిన రెండు నిమిషాలకి మార్ష్ హ్యారియర్ గద్ద మడుల మీద తక్కువ ఎత్తులో రెక్కలు పైకెత్తి తేలుతూ వచ్చింది. ఒక్క ఉదుటున మడులన్నీ ఖాళీ. గద్ద వెళ్లాక వాలాయి గానీ, ఏ మడిలోవి ఏ మడిలో దిగాయో తెలియదు. ఇంకా లెక్కపెట్టని మడుల్ని ఆ పూటకి వదిలేశాను. ఒకే గుంపుని రెండుసార్లు కలుపుకుని సంఖ్య పెంచుకోవడం ఈ పనిలో ఊరికే జరిగిపోతుంది.

మడుల పక్కన గడ్డి బీడులో పసిఫిక్ గోల్డెన్ ప్లోవర్లు పదకొండు. నాలుగడుగులు పరుగు, ఠక్కున ఆగడం, మళ్లీ పరుగు. వీపు మీద బంగారు చుక్కలు, ఇంకా ఒకదాని పొట్ట మీద వేసవి నలుపు మిగిలే ఉంది. సైబీరియా టండ్రా, ఆ పక్క అలాస్కా పడమటి అంచు వీటి పుట్టిన చోట్లు. అలాస్కావి పసిఫిక్ దీవులకి పోతాయి కాబట్టి మనవి సైబీరియావే. పెన్నుతో రెండో పేరు.

దసరా వెళ్లాక, అల్పపీడనం

మూడు రోజులు ఆగని ముసురు. బంగాళాఖాతంలో ఏది లేచినా ఈ తీరానికి ముందు తెలుస్తుంది. నాలుగో రోజు పొద్దున్న వెళ్లేసరికి గట్లు తప్ప మడులు లేవు, అంతా ఒకే చెరువు. స్టింట్లు లేవు, ప్లోవర్లు లేవు. గోల్డెన్ ప్లోవర్లు రోడ్డు మార్జిన్ గడ్డిలోకి మారాయి. లోతు నీళ్ల మీద విస్కర్డ్ టర్న్‌లు మాత్రం తిరుగుతున్నాయి.

పక్షులు తగ్గాయని రాయాలా, నీళ్లు పెరిగాయని రాయాలా? రెండూ రాయాలి. గట్టుకి గుచ్చిన వెదురు కర్రకి బెత్తెడు దూరాన గుర్తులు పెట్టి, ఇక నుంచి ప్రతిసారీ నీటి మట్టం కూడా రాస్తున్నాను. ఈ గడి మొదట్లో లేదు. పక్షుల సంఖ్య మారినప్పుడల్లా వలస మీదికి నెట్టెయ్యకుండా ఇది ఆపుతుంది.

పలచటి నీళ్లు వెతుక్కుంటూ అవి ఎటు పోయాయో తెలియదు. వారం తర్వాత మట్టం తగ్గగానే స్టింట్లు తిరిగొచ్చాయి. అవేనా, వెనకొచ్చిన కొత్తవా? పరిశోధకులు కాలికి వేసిన రింగుంటే తప్ప చెప్పలేం. రింగు మీద అంకెలుంటాయి, కొన్నిటికి కాలి మీద రంగు జెండా ఉంటుంది. మడి మడిలో కాళ్లు వెతుకుతూనే ఉన్నాను. ఇంతవరకు ఒక్కటీ దొరకలేదు.

అక్టోబరు నెలాఖరు: పేరులోనే సైబీరియా

వరి ఈనింది. చేల గట్టు మీద ఎండు కొమ్మ కొసన పిడికెడు పిట్ట. రొమ్ము నారింజ, తల నల్లబడీ నల్లబడనట్టు. కిందికి దూకి పురుగుని పట్టుకుని మళ్లీ అదే కొమ్మ కొసకి. రెండు గులకరాళ్లు కొట్టినట్టు చిన్న అరుపు. సైబీరియన్ స్టోన్‌చాట్.

ఇంకేం, పేరే చెప్తోంది కదా అని పెన్ను తీశాను. తీరా చూస్తే ఈ జాతి హిమాలయాల్లోనూ గుడ్లు పెడుతుంది. కొమ్మ మీదున్నది ఏ కొండ దిగిందో, ఏ స్టెప్పీ దాటిందో ఈకలు చూసి చెప్పడం నా వల్ల కాదు. పేరులో సైబీరియా ఉన్నదానికి పెన్సిలు, పేరులో ఆ ఊసే లేని కర్ల్యూ శాండ్‌పైపర్‌కి పెన్ను. గూడబాతులకి బిరుదిచ్చిన పేపరువాళ్లని ఇక ఏమనగలను.

నవంబరు

తేలినీలాపురం చెట్ల మీద గూడబాతులు సర్దుకున్నాయి. పొద్దున్నే గుంపులుగా లేచి మేతకి నౌపడ మడుల వైపే వస్తున్నాయి. రెక్క ఆడించకుండా గాలి మీద చుట్టలు తిరుగుతూ దిగుతుంటే, నాలుగైదు కిలోల పక్షి అంత తేలిగ్గా ఎలా ఉంటుందా అని ఎన్నిసార్లు చూసినా అనిపిస్తుంది. పట్టికలో వీటికీ వరస ఉంది. పుట్టిన చోటు: ఇక్కడే, పెన్నుతో. వార్త కూడా వచ్చేసింది, అదే శీర్షిక.

గోధుమ తల గల్స్ ఉప్పుటేటి మీద కనపడుతున్నాయి, టిబెట్ పీఠభూమి, మధ్యాసియా ఎత్తు సరస్సుల నుంచి. బాతుల్లో సూదితోక పిన్‌టెయిల్స్ దిగాయి, ఇంకా దూరంగానే ఉంటున్నాయి.

ఇప్పటికి పట్టికలో "సైబీరియా, ఖాయం" రెండే పేర్లు. "కావచ్చు" వరస పొడుగ్గా ఉంది, లిటిల్ స్టింటూ అందులోనే. నార్వే ఉత్తర కొస నుంచి తూర్పు సైబీరియా దాకా దానిది ఒకే టండ్రా. మన దేశానికొచ్చేవి సైబీరియావే అయి ఉంటాయని మనసు చెప్తుంది గానీ మనసు మాట గడిలో రాయను. "కాదు" వరసలో గూడబాతు, పెయింటెడ్ స్టార్క్, నత్తగుల్ల కొంగ ముందున్నాయి.

ఈ పట్టికని అట్ట మీద పెద్దక్షరాలతో రాయించి టీ కొట్టు దగ్గర తగిలించాను. తాత చదివించుకుని విన్నాడు. ఆయన అడిగింది ఒక్కటే, "ఆ ఎర్రపొట్టది ఏటి తింటాది మాస్టారూ, మా మడిలో?" బురదలోని పురుగులు, చిన్న నత్తలు, రొయ్య పిల్లలంతటి జీవాలు అని చెప్పాను. ఉప్పు పని మొదలయ్యే ముందు వాన నీళ్లు బయటికి వదిలి, మడులు తొక్కి గట్టిపరుస్తారు. మొదట ఏ మడి తొక్కుతారో, ఏది చివరికి మిగులుతుందో తనకి తెలుసన్నాడు. చివరగా మిగిలే మడుల వరస నోటుబుక్కులో రాయించుకున్నాను. జనవరిలో ఆ వరస ప్రకారమే లెక్క.